సూపుకు పాస్‌పోర్టు ఫోటో

చలిదేశపు ఊరు తాంపెరేలో, తమ్మెలా అంగడి వెనక వీధిలో టౌనో హిర్సిమాకి ముప్ఫయ్యొక్క ఏళ్లు పాస్‌పోర్టు ఫోటోలు తీశాడు. ఊళ్లో సగంమంది దిగులు మొహాలు అతని చేతిమీదుగానే సరిహద్దులు దాటాయి. తరవాత వీధి మలుపులో ఫోటోలు తీసే పెట్టె ఒకటి వెలిసింది. నాణెం వేస్తే చాలు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఆ ఊరివాళ్లకు అంతకంటే ఏం కావాలి?

టౌనో చిన్న హోటళ్ల వంటకాలకు ఫోటోలు తీయడంలో పడ్డాడు. పద్ధతి మాత్రం పాతదే: దీపం ఎదురుగా, వెనక తెల్లగుడ్డ, నీడ పడితే ఒప్పుకోడు. ఒకసారి వేయించిన చేపకు రెండో కన్ను కనబడటం లేదని అరగంట మథనపడ్డాడు.

చివరికి మిగిలిన గిరాకీ ఒక్కతే, ఐలి కీస్కిలా. డెబ్బై ఏళ్ల మనిషి, ఎనిమిది బల్లల హోటలు. ఆ దేశంలో గురువారం గురువారం వండే బఠానీ సూపుకు అతను తీసిన ఫోటో చూసి ఆమె కళ్లజోడు పైకెత్తింది.

"దీన్ని ఏ దేశం పంపిస్తున్నావ్, టౌనో?"

"అదేంటక్కా?"

"లేకపోతే పోలీసులేమైనా వెతుకుతున్నారా దీనికోసం?"

"సూపు రంగే అంత. సిమెంటు కలిపినట్టుంది. పైన నాలుగు పచ్చటి ఆకులు వేస్తే..."

"మా సూపులో ఆకు లేదు. రేపొకడొచ్చి 'నా ఆకేదీ' అంటే నీ ఇంటికి పంపనా? చూడూ, ఈసారి గుమ్మం బయట బోర్డుమీద బొమ్మ కుదరకపోతే నేను వేరేవాళ్లని చూసుకుంటా."

టౌనోకు తెలుసు, ఈ గిరాకీ పోతే దుకాణానికి తాళమే.

"అసలు నా సూపు రుచి తెలుసా నీకు?"

"తెలీదు. సైన్యంలో ప్రతి గురువారం ఇదే. మళ్లీ ముట్టనని అప్పుడే ఒట్టేసుకున్నా."

"ఓరి నీ అఘాయిత్యం కూలా! కూర్చో అక్కడ."

కిటికీ పక్క బల్లమీద గిన్నె దిగింది. టౌనో ఆవముద్ద కలిపి, మందు తాగేవాడిలా ఒక చెంచా మింగాడు. రెండోది మామూలుగా తిన్నాడు. మూడోది ఎప్పుడు తిన్నాడో అతనికే తెలీదు. డిసెంబరు మధ్యాహ్నపు సన్నటి ఎండ పక్కనుంచి వచ్చి గిన్నె అంచుమీద వాలింది. ఆవిరి లేస్తోంది, ఆవముద్ద పసుపుపచ్చ చారలా చెంచా వెంట సాగుతోంది. నోట్లో ముద్ద ఉండగానే, కూర్చున్నచోటి నుంచే కెమెరా ఎత్తాడు. నీడను నీడలాగే ఉండనిచ్చాడు.

మరుసటి గురువారం బోర్డుముందు ఉన్నిటోపీ ఆసామి ఒకడు అయిదు నిమిషాలు నిలబడి, లోపలికొచ్చాడు.

"బయట బొమ్మలో సగం గిన్నె సూపే ఉంది. సగం ధరేనా?"

"నిండు గిన్నె, నిండు ధర," అంది ఐలి.

"మరి మిగతా సగం?"

ఐలి గరిటెతో మూలబల్ల దగ్గరున్న టౌనోను చూపించింది. ఆసామి అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఖాళీ చేసేదాకా ఆగలేకపోయావా?"

"ఫోటో తీసేదాకా తినకుండా ఆగలేకపోయాను," అన్నాడు టౌనో.

ఆసామి టోపీ తీసి కూర్చున్నాడు. అతని వెనకే ముగ్గురు, వాళ్ల వెనక ఇంకో ఇద్దరు. పన్నెండయ్యేసరికి ఒక్క బల్లా ఖాళీలేదు. పళ్లెం ఎత్తుకుని హడావుడిగా పోతూ ఐలి అతని భుజం తట్టింది.

"వచ్చేవారం పాన్‌కేకు ఫోటో తియ్యాలి. ఇంట్లో ఏమీ తిని రాకు."