మూడో ముద్ద దగ్గర ఆగిన సీమంతం

ఆరో నెల నిండినప్పటి నుంచి నా గొంతులో ఎప్పుడూ పులుపే. తిన్నా, తినకున్నా, ఆఖరికి మంచినీళ్లు తాగినా, ఛాతీ నడుమ మొదలైన మంట గొంతు దాకా ఎగదన్నేది. మా అత్తగారిల్లు కేసముద్రం మార్కెట్ యార్డు వెనుక. మిర్చి లారీలు వచ్చే రోజుల్లో ఆ వీధిలో తుమ్మని మనిషి ఉండడు. అందుకని సగం మంది నా మంటను మిర్చి ఘాటుకు అంటగట్టారు. మిగతా సగం బిడ్డ జుట్టుకు అంటగట్టారు. కడుపులో బిడ్డకు జుట్టు ఒత్తుగా ఉంటే తల్లికి మంట లేస్తుందని మావాళ్ల నమ్మకం. డిగ్రీ చదివిన నా భర్త కూడా ఇప్పుడే దువ్వెన కొనిపెడదామా అని అడిగాడు.

అత్తమ్మ ఒక్కతే ఆ మాటకు నవ్వేది కాదు. తక్కువ మాట్లాడే మనిషి. రోజూ పొద్దున్నే టీ గ్లాసు చేతికిచ్చి అవే ప్రశ్నలు అడిగేది.

"మంట ఏడ లేస్తుంది? గొంతులనా, పక్కబొక్కల కిందనా? తల నొస్తుందా? కండ్లు మసక కొడుతున్నయా?"

ఠాణాలో కూర్చోబెట్టి అడిగినట్టు ఉండేది. గొంతులోనే అత్తమ్మా, పక్కటెముకల కింద ఏం లేదు అని విసుగ్గా చెప్పి టీ తాగేదాన్ని.

ఏడో నెల సీమంతానికి మా అమ్మ చిట్యాల నుంచి సద్దులు వండి తెచ్చింది. చింతపండు పులిహోర, నిమ్మకాయ అన్నం, నువ్వులన్నం, కొబ్బరన్నం, పెరుగన్నం. వచ్చిన ముత్తైదువలు ఒక్కొక్కరూ ఐదు గిన్నెల్లోంచి తలా కొంచెం తీసి, కలిపి, ఒక ముద్ద నా నోట్లో పెట్టాలి. వద్దంటే బిడ్డకు మంచిది కాదట. కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లను చూశాను. పద్దెనిమిది మంది. పులిహోర గిన్నె అన్నిటికంటే పెద్దది.

మూడో ముద్ద మింగగానే పట్టుకుంది. ఈసారి గొంతులో కాదు, కుడివైపు పక్కటెముకల కింద. తెలియకుండానే చెయ్యి అక్కడికి పోయింది.

"గా మంటంతా జుట్టే. రెండు జడలేసుకొని వస్తది బిడ్డ," అంది ముద్ద పెట్టిన పెద్దావిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అత్తమ్మ నా ముఖం చూడలేదు, చెయ్యి చూసింది. నాలుగో ముద్ద పట్టుకుని వంగిన ఆవిడను పక్కకు జరిపి, "లే బిడ్డా, దవాఖానకు పోదాం," అంది.

"ఏమైంది వదినె?" అంది మా అమ్మ బిత్తరపోయి. "నడిమిట్ల లేపుతరా? గట్ల లేపొద్దు, అపశకునం."

"అయితే కానీ వదినె."

మహబూబాబాద్ దాకా ఆటోలో పోయాం. పట్టుచీర, చెంపలకు పసుపు, మోచేతుల దాకా గాజులు. అత్తమ్మ నా చెయ్యి వదల్లేదు. నాకేమో కోపం. అంత దూరం నుంచి గిన్నెలు మోసుకొచ్చిన మా అమ్మను అందరి ముందు చిన్నబుచ్చిందని నా బాధ.

దవాఖానలో నర్సు బీపీ చూసింది. అత్తమ్మ మళ్లీ చూడమంది. నర్సు మళ్లీ చూసింది. మూత్రం, రక్తం పరీక్షలు చేశారు. గంటన్నర తర్వాత డాక్టరమ్మ కాగితాలు చూసి, బీపీ బాగుంది, ఏ తేడా లేదు, ఎసిడిటీ అంతే, కొంచెం కొంచెంగా తిను, తినగానే పడుకోకు అని చెప్పి ఒక సిరప్ రాసింది.

"ఉత్త మంటేనా మేడమ్?" అంది అత్తమ్మ.

"ఉత్త మంటేనమ్మా."

"బీపీ లేదు గదా?"

"లేదు."

ఇక నా వంతు వచ్చిందనుకున్నాను. ఇంత గత్తర దేనికి చేశారని అడగడానికి మాటలు కూడబెట్టుకుంటూ బయటికొచ్చాను. అత్తమ్మ బెంచీ మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆమె ఏడవగా నేనెన్నడూ చూడలేదు.

"నాకు మొదటి కాన్పుల ఏడో నెలనే గిక్కడ్నే నొచ్చింది," అంది తన పక్కటెముకల కింద చెయ్యి పెట్టి. "మంటే అన్నరు. జుట్టు అన్నరు. సోడా తాపిచ్చి అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. పొద్దూకేసరికి ఫిట్స్ వచ్చినయట. బీపీ అని దవాఖానల చెప్పిండ్రు. నాకు తెలివొచ్చేసరికి బిడ్డను బొందవెట్టొచ్చిండ్రు."

పక్కన కూర్చున్నాను. నా భర్తకు ముందు ఒక బిడ్డ పుట్టి పోయిందని ఆ ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. కూడబెట్టుకున్న మాటలకు సిగ్గేసింది.

"జుట్టు ఉండెనా అని అందర్ని అడిగిన బిడ్డా," అంది కళ్లు తుడుచుకుని. "ఒక్కలు చెప్పలే."

నా కూతురు బోడి తలతో పుట్టింది. చూడవచ్చినవాళ్లంతా అంత మంట లేస్తే వెంట్రుకలేవీ అని నవ్వారు. ఆ రోజు అత్తమ్మ కూడా నవ్వింది.