నేను పెట్టిన పత్యం

హైదరాబాద్ డాక్టర్ ఆ మాట మా ఆడబిడ్డ ముందర అనకుండా ఉండాల్సింది. మా ఆయన దుబాయిలో ఉన్నందున ఆమె నాకు తోడు వచ్చింది. ఎనిమిదేళ్ల నా బిడ్డకు మెదడు కింది భాగంలో గడ్డ. కరెంటు, అదే రేడియేషన్, పెట్టించాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగింది. ఈ గడ్డ మీద పరిశోధనలు జరుగుతున్నాయని, మందు మాత్రం ఇంకా రాలేదని డాక్టర్ చెప్పాడు. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి, "ఇంటికి తీసుకెళ్లండమ్మా. ఏదడిగితే అది పెట్టండి" అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు. అది నేను మరిచిపోలేదు.

మా దగ్గర ఆ మాటకు అర్థం తెలియని వాళ్లుండరు. డాక్టర్ పత్యం చెప్పాడంటే రోగి బతుకుతాడని ఆశ. పత్యం అక్కర్లేదన్నాడంటే ఆశ లేదని.

మా ఊరు మెట్‌పల్లిలో బస్సు దిగేసరికే ఆడబిడ్డ ఫోన్లో చుట్టాలందరికీ చెప్పేసింది. మర్నాటి నుంచి టిఫిన్ డబ్బాలు రావడం మొదలైంది. ఒకరు మటన్, ఒకరు జిలేబీ. తెచ్చినవాళ్లు బిడ్డను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. మెదడులో వాపు తగ్గడానికిచ్చిన గోలీలకు బిడ్డ మొహం గుండ్రంగా ఉబ్బింది. ఎదురింటామె, "మంచిగనే ఒళ్లు చేసింది గదా పిల్ల, గిదేం రోగమో" అంది. ఆమెతో నేను ఈరోజుకీ మాట్లాడను.

నాకు తల కొట్టేసినట్టయింది. బిడ్డ మంచం మీద కూర్చుని అష్టాచెమ్మ ఆడుతుంటే వీళ్లు కడసారి చూపుకు వచ్చినట్టు వస్తున్నారు. అందుకే గడపలో నిలబడి అందరూ వినేలా చెప్పాను. "డాక్టర్ పత్యం చెప్పిండు. నూనె వద్దు, మాంసం వద్దు, నువ్వులు వద్దు." డబ్బాలన్నీ తిప్పి పంపాను. చివరికి ఆడబిడ్డ బియ్యప్పిండిలో నువ్వులేసి కరకరలాడే సకినాలు చేసి తెచ్చింది.

"పిల్ల నాకు ఫోన్ చేసి అడిగిందే. ఒక్కటన్న తిననియ్యరాదు."

"పత్యం వదినె."

"ఏ డాక్టర్ చెప్పిండు? నేను లేనా ఆడ?"

"నీకు ఇనబడలే."

ఆమె డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది. నేనే గెలిచాననుకున్నాను.

ఆ గోలీలకు ఆకలి విపరీతం. బిడ్డ జావ తాగి, బీరకాయ కూరతో అన్నం తిని, గంటలోపే మళ్లీ అడిగేది.

"అమ్మా, అత్తమ్మ సకినాలు."

"మంచిగైనంక తిందువు."

ఆ మాట నమ్మే చేదు గోలీలు మారాం చేయకుండా మింగేది.

కొన్ని వారాలకు కరీంనగర్ నుంచి, ఇలాంటి పిల్లలను ఇంటికే వచ్చి చూసుకునే నర్సు వచ్చింది. నొప్పి ఉందా, నిద్ర పడుతోందా అని బిడ్డనే అడిగింది. చెంచాతో నీళ్లు తాగించి గొంతు దగ్గర వేళ్లు పెట్టి చూసింది. బిడ్డ దగ్గింది. ఏం పెడుతున్నావని నన్నడిగితే చెప్పాను.

"పత్యం ఎవలు చెప్పిండ్రక్కా?"

నా బదులు బిడ్డే చెప్పింది. "డాక్టర్ సార్ చెప్పిండు. మంచిగైతె సకినాలు తినొచ్చన్నడు."

నర్సు నన్ను వాకిట్లోకి పిలిచింది. తిడుతుందనుకుని జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆమె తిట్టలేదు. "మింగుడు తగ్గుతుందక్కా. గట్టియి ఇగ నమలలేదు. మింగినన్ని దినాలు ఇష్టమైంది పెట్టు. కూసోబెట్టి, మెత్తగ చేసి, జర జర పెట్టు" అంది.

కరకరా నమలగలిగిన రోజులన్నీ నేను జావతో గడిపేశాను. ఎవరికోసం? ఎదురింటామె వినాలని.

నర్సు వెళ్లగానే ఆడబిడ్డ ఇంటికి నడిచాను.

"సకినాలున్నయా వదినె?"

"అయిపోయిందా నీ పత్యం?" అని మొదలుపెట్టింది. అంతలో నా మొహం చూసింది. స్టవ్ ఆర్పి, చెప్పులేసుకుని నా వెంట వచ్చింది.

మా ఇంట్లో సకినాన్ని తుంచి వేడి చాయ్‌లో నానబెట్టి, చెంచాతో మెత్తగా నలిపింది. బిడ్డను లేపి నా ఒళ్లో ఆనించి కూర్చోబెట్టాను. చెంచా దగ్గరికి రాగానే బిడ్డ తల తిప్పి నన్ను చూసింది. ఉబ్బిన చెంపల మధ్య నవ్వింది.

"అమ్మా, నాకు మంచిగైందా?"

ఆడబిడ్డ చెంచా వెనక్కి తీసుకుని, అప్పటికే మెత్తబడ్డ సకినాన్ని గిన్నెలో మళ్లీ నలపసాగింది. ఆ ఒక్కసారి ఆమె నోరు విప్పి ఏదైనా అంటే బాగుండుననిపించింది.

"తిను బిడ్డా" అన్నాను.

నా మాట నమ్మి నోరు తెరిచింది.