ఫల్గుణ కొన్న బ్యాటరీ

అరకు వెళ్ళే కొండ రైలు దారిలో, టైడా స్టేషనుకు కూతవేటు దూరంలో ఉండే ఫల్గుణ ఏడో తరగతితో బడి మానేశాడు. ఆ తరవాత ఆయన చదువంతా బ్యాటరీల దగ్గరే సాగింది. రైల్వే సిగ్నల్ విభాగంలో ఖలాసీగా చేరి, ముప్ఫై మూడేళ్ళు ఆ కొండ లైనులోనే పనిచేసి, మూడేళ్ళ కిందట రిటైరయ్యాడు. కరెంటు పోయినా సిగ్నల్ దీపం ఆరకూడదు కాబట్టి స్టేషన్లలో బ్యాటరీ గదులు ఉండేవి. వరస కట్టి నిలబెట్టిన సీసం బ్యాటరీలకు డిస్టిల్డ్ వాటర్ పోయడం, ఆసిడ్ చిక్కదనం కొలవడం, పుస్తకంలో రాయడం ఆయన పని.

ఆ పనిలో చేరిన కొత్తలోనే ఆయన కళ్ళు పోవలసింది. వానాకాలం, గది కిటికీలు మూసి ఉన్నాయి. బ్యాటరీలు ఛార్జి అవుతుంటే వాటినుంచి గ్యాసు వస్తుందని, దానికి నిప్పు తగిలితే పేలుతుందని అప్పటికి ఆయనకు తెలియదు. బీడీ వెలిగించుకోబోయాడు. అగ్గిపుల్ల గీయడమే గుర్తు. ఒక బ్యాటరీ మూత ఎగిరి ఆసిడ్ ముఖమ్మీద పడింది. పక్క గదిలో ఉన్న వరహాలరావు అనే మేస్త్రి పరిగెత్తుకొచ్చి, మెడ పట్టుకుని నీళ్ళ డ్రమ్ము దగ్గరికి ఈడ్చుకుపోయాడు. అరగంట సేపు మగ్గుతో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు.

"కళ్ళు తెరిసి ఉంచరా ఫల్గుణా. మంటెత్తినా తెరిసే ఉంచు. మూసేసావంటే ఇంక తెరవలేవు."

కళ్ళు దక్కాయి. ఎడమ చెవి కింద మాత్రం చర్మం ముడతపడి ఉండిపోయింది. వరహాలరావు ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు, తిట్టనూ లేదు. మర్నాడు గదిలో కూర్చోబెట్టి గ్యాసు ఎందుకు వస్తుందో, కిటికీ ఎందుకు తెరవాలో మొదటినుంచీ చెప్పాడు. పొద్దున్నే లేచి ఎదురుగా కొండ కనిపించినప్పుడల్లా ఫల్గుణ ఆ మేస్త్రిని ఒకసారి తలుచుకుంటాడు. అది ఆయనకు దేవుడికి దండం పెట్టుకోవడంలాంటిదే.

రిటైరైన ఏడాదికి ఆయన కూతురు గాయత్రి ఒక పాత ట్రావెలర్ వ్యాను కొన్నది. అరకులో ఒక రిసార్టులో ఆరేళ్ళు పనిచేసిన పిల్ల. సీజన్లో గదులు దొరక్క వెనక్కిపోయే జనాన్ని చూసి చూసి, వ్యాన్లోనే రెండు పడకలు, చిన్న ఫ్రిజ్, ఫ్యాను, వంటకి ఒక గట్టు పెట్టి కొండలన్నీ తిప్పి చూపించాలనుకుంది. పైన సోలార్ పలక కూడా బిగించింది. బ్యాటరీ సంగతి నాన్న చూసుకుంటాడులే అని ధీమాగా ఉంది.

ఫల్గుణ ముందు తనకు తెలిసిన సీసం బ్యాటరీలే అన్నాడు. అన్నాక వ్యాన్లోకెక్కి తలుపు వేసుకుని, పడక మీద కాసేపు కూర్చున్నాడు. చలికి అద్దాలు మూసుకుని మనుషులు పడుకునే చోటు అది. ఆ పడక బెంచీ కింద గ్యాసు వదిలే బ్యాటరీ పెట్టడానికి ఆయనకు మనసు రాలేదు. బరువు కూడా ఎక్కువే. ఘాట్ రోడ్డు మలుపుల్లో రెండు పెద్ద సీసం బ్యాటరీలంటే ఇద్దరు మనుషుల్ని అదనంగా మోసినట్టు. దిగొచ్చి, లిథియం అయితేనే నయం గాని దాని గురించి తనకేమీ తెలియదని కూతురితో ఒప్పుకున్నాడు.

"నీకు తెలీని బ్యాటరీ కూడా ఉంటాదేటి నాన్నా?" అని నవ్వింది గాయత్రి.

ఆయనకు నవ్వు రాలేదు. బ్యాటరీ స్కూటర్లు తగలబడ్డ వీడియోలు ఫోన్లో చాలానే చూసి ఉన్నాడు. మర్నాడే రైలెక్కి కొత్తవలస వెళ్ళి వరహాలరావును కలిశాడు. మేస్త్రికి ఎనభై దాటాయి. చెవులు మందగించినా మాట స్పష్టంగానే ఉంది.

"నాకు తెలిసింది నీళ్ళు తాగే బ్యాటరీయేరా. ఇది నాకు తెలీదు. తెలీనోడి దగ్గర కూకుంటే ఏటొస్తాది? తెలిసినోళ్ళని అడుగు. ఇసుక్కోకుండా సెప్పినోళ్ళ దగ్గరే కొను."

ఆ మాట పట్టుకుని తండ్రీకూతుళ్ళు విశాఖపట్నం వెళ్ళారు. మొదటి దుకాణంలో యజమాని ఏమడిగినా అవుననే అన్నాడు. వేడికి ఆగుతుందా అంటే ఆగుతుంది, చలికి అంటే ఆగుతుంది, పదేళ్ళు వస్తుందా అంటే పదిహేనేళ్ళు. ఇది ఏ రకం లిథియం అని అడిగితే అన్నీ ఒకటేనన్నాడు. ఫల్గుణ పెట్టెను నాలుగు వైపులా తిప్పి చూశాడు. తయారుచేసినవాళ్ళ పేరు గాని, తేదీ గాని ఎక్కడా లేవు. నమస్కారం పెట్టి బయటికొచ్చేశాడు.

రెండో దుకాణంలో మౌనిక అనే అమ్మాయి బ్యాటరీలు విప్పి బాగుచేస్తోంది. వీళ్ళ ప్రశ్నలు విని చేతిలో పని పక్కన పెట్టింది. లిథియంలో రకాలున్నాయని చెప్పింది. కొన్ని స్కూటర్లలో వాడే రకం తక్కువ చోటులో ఎక్కువ కరెంటు దాస్తుంది గాని, మితిమీరి వేడెక్కితే మంట అందుకునే ప్రమాదం ఎక్కువ. ఐరన్ ఫాస్ఫేట్ రకం కాస్త పెద్దగా ఉన్నా వేడికి బాగా ఓర్చుకుంటుంది, సరిగ్గా వాడితే కొన్ని వేల సార్లు ఛార్జి పెట్టుకోవచ్చు. మనుషులు పడుకునే బండికి అదే మంచిదంది. ఏ రకమైనా లోపల ఒక కాపలా బోర్డు ఉండాలని, ఛార్జి ఎక్కువైనా తక్కువైనా, వేడెక్కినా అది తనంతట తానే ఆపేస్తుందని ఒక పాత పెట్టె మూత తీసి చూపించింది.

ఫల్గుణ చలి గురించి అడిగాడు. పుష్యమాసంలో తమ కొండల మీద కొన్ని తెల్లవారుజాముల్లో గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకుంటుందని చెప్పాడు.

మౌనిక ఆ సంగతి ఒక చీటీ మీద రాసుకుంది. "అంత చలి సంగతి నాకు తెలీదండీ. తెలీకుండా చెప్పకూడదు. కంపెనీవాళ్ళని కనుక్కుని రేపు ఫోన్ చేస్తాను."

బయటికొచ్చాక ఫల్గుణ లోపలున్న మౌనికను చూపిస్తూ కూతురితో, "ఈ గుంట దగ్గరే కొందాం" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. నీళ్ళు గడ్డకట్టే చలిలో ఈ బ్యాటరీనుంచి కరెంటు తీసుకోవచ్చు గాని ఛార్జి పెట్టకూడదట, పెడితే లోపల పాడవుతుందట. అందుకని, చలి ఎక్కువైతే ఛార్జిని ఆపేసే బోర్డు ఉన్నదే తీసుకోమంది. ఇంజను నడిచేటప్పుడు ఛార్జి ఎక్కడానికి ఇంజనుకూ బ్యాటరీకీ మధ్యలో ఒక పరికరం ఉండాలని, లేకపోతే బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ కాలిపోవచ్చని కూడా చెప్పింది. ఫల్గుణ పాత డైరీలో అన్నీ రాసుకున్నాడు.

బిగింపు మాత్రం ఆయనే చేసుకున్నాడు. వంటగట్టుకు దూరంగా, బెంచీ కింద నేలకు ఇనప ట్రే బోల్టులతో కట్టి, కింద రబ్బరు పరిచి, బ్యాటరీని కదలకుండా పట్టీలతో బిగించాడు. పక్కనే ఫ్యూజు, దానికి తగ్గ మందపు వైరు. నాలుగు రోజులు పట్టింది. ఒక్కో నట్టూ బిగించి, పట్టి లాగి చూస్తుంటే గాయత్రికి విసుగొచ్చి, "బేగి కానీ నాన్నా, బుకింగు ఉంది" అంది. ఆయన వినిపించుకోలేదు.

ఆ జనవరిలో హైదరాబాదు కుటుంబం ఒకటి హుకుంపేట వైపు కొండ మీద గుడారాలు వేసుకుని పడుకుంది. వ్యాను తలుపులు తీసి ఖాళీగా వదిలేశారు. పొద్దున ఎండ వచ్చినా ఛార్జి ఎక్కడం లేదని వాళ్ళతో వెళ్ళిన గాయత్రి కంగారుగా ఫోన్ చేసింది. బ్యాటరీకి ఉన్న చిన్న తెర మీద చలి ఎంత చూపిస్తోందో చూడమన్నాడు. సున్నా అంది.

"పాడవలేదమ్మా. తన్ని తాను కాపాడుకుంటంది. తలుపులేసి ఎండ తగలనీ."

తొమ్మిదిన్నరకి ఛార్జి ఎక్కడం మొదలైంది. కుటుంబం టీ తాగి, ఫొటోలు తీసుకుని హాయిగా దిగొచ్చింది. ఆ రోజు చలి గురించి అడక్కుండా ఉండుంటే, తెలీదని చెప్పే ధైర్యం మౌనికకి లేకపోయుంటే ఏమయ్యేదో అని ఫల్గుణ రోజంతా అనుకున్నాడు.

ఆ నెలాఖరున అరకు సంతలో రెండు కిలోల రాజ్మా, కాస్త పసుపు కొని, ఇంట్లో వేయించిన కాఫీ పొడి మూటకట్టుకుని విశాఖ దుకాణానికి వెళ్ళాడు. మౌనిక మొహమాటపడింది. అమ్మినందుకు డబ్బు తీసుకున్నానుగా, మళ్ళీ ఇవెందుకండీ అంది. డబ్బు బ్యాటరీకి ఇచ్చానని, ఇవి చెప్పినదానికని ఫల్గుణ అన్నాడు.

బయల్దేరబోతుంటే ఆమె ఆపింది. ఒక ఆస్పత్రివాళ్ళు పాత సీసం బ్యాటరీల వరస బాగుచెయ్యమని పంపించారట. లిథియం వచ్చాక పని నేర్చుకున్నది కాబట్టి వాటిమీద తనకు చెయ్యి తిరగలేదంది. ఫల్గుణ చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. ముందుగా వెనక కిటికీలు రెండూ తెరిపించాడు. ఆసిడ్ పడకుండా మౌనికను కళ్ళద్దాలు పెట్టుకోమన్నాడు. తరవాత స్టూలు దగ్గరికి లాక్కుని, ఆసిడ్ చిక్కదనం కొలిచే గాజు గొట్టం ఆమె చేతికిచ్చి, మొదటి బ్యాటరీ మూత తియ్యమన్నాడు.