వెనక గోడకు మూడు తూములు

“ఆ బొక్కలు మూసెయ్ ఎల్లమ్మా! కెమెరాలో ఎలక కన్నాల్లా కనిపిస్తున్నాయి.”

“గవి ఎలుక బొక్కలు కావు సారూ, తూములు. ఎనక గుట్ట ఉన్నది. రేపు వానొస్తే నీళ్ళు మిమ్మల్ని అడిగి పోతయా?”

“పొద్దున్నే ఎనిమిదింటికి షాటు. నీకు చేతకాదంటే చెప్పు, మళ్ళీ తట్ట మోద్దువుగాని.”

ఇలా అన్నది ఆర్ట్ డైరెక్టర్ మూర్తిగారు. సినిమాకు కావలసిన ఇళ్ళూ గోడలూ ఆయన చెప్పినట్టే లేవాలి. పన్నెండేళ్ళు తట్ట మోసిన నన్ను మేస్త్రిని చేసిందీ ఆయనే. ఆడదాని కింద పని చేయమని కూలీలు మొండికేస్తే, “ఆమె చెప్పినట్టు చెయ్యండి” అని ఒక్క మాటతో ఒప్పించారు. ఆ మేలు నేను మరవలేదు.

షాటు కోసం తీసుకున్నది జూబ్లీహిల్స్ గుట్టవాలులో ఒక పాత రాతి పశువుల కొట్టం. పోలీసు చర్య తరవాత ఆసాములు వెళ్ళిపోయారు, పశువులూ పోయాయి, గోడలు మిగిలాయి. వెనక గోడను గుట్టను తొలిచి కట్టారు. రెండు మూరల మందం, డంగు సున్నం. లోపలి వరసనూ బయటి వరసనూ కలిపి పట్టడానికి అడ్డంగా కట్టురాళ్ళు. గుట్టలో ఊరే నీరు గోడను నెట్టకుండా అడుగున మూడు తూములు పెట్టి, లోపలి కాలువలోంచి బయటికి పంపారు. పశువుల మూత్రం పోయేదీ ఆ కాలువలోనే. ఒక్క కాలువతో రెండు పనులు. ఎవరు కట్టారో గాని, దుబారా తెలియని మనిషి.

ఇంత తెలిసీ మొదటి తూమును సిమెంటుతో మూసింది నేనే. మేస్త్రి పని పోతుందని భయపడ్డాను. రెండోదాంట్లో చెయ్యి పెడితే తడి తగిలింది. అక్కడ తాపీ కింద పెట్టాను. ఇందాక చెప్పిన గొడవ మొదలైంది అప్పుడే.

చివరికి నేనే దారి చెప్పాను. “జిగటమట్టితోని పైపైన మూస్త. రంగేస్తే రాయి లెక్కనే కనవడ్తది. మీ సినిమా గోడలన్ని గట్లనే గద సారూ?”

ఆయనకు నవ్వొచ్చింది. “సరే కానీ. షాటు చెడిందో, గోడకు బదులు నిన్నే నిలబెడతా” అన్నారు. మిగిలిన రెండింటినీ మట్టితో మూశాను. మొదటిదాన్ని తవ్వి తీస్తానని మాత్రం అడగలేదు.

ఆ రాత్రి పెద్ద వాన పడింది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటే. పాత గోడలో ఏదైనా ఎందుకుందో తెలిసినప్పుడు, దాని మీద చెయ్యి వేయకముందే నోరు విప్పాలి. ఒకటి మూశాక కాదు.

తెల్లవారి వెళ్ళేసరికి రెండు తూముల మట్టి కొట్టుకుపోయి, నీరు కాలువలో పారుతోంది. సిమెంటు పెట్టిన చోట గోడ జానెడు ఉబ్బింది. మూడు రాళ్ళు ఊడి, హీరోయిన్ కూర్చోవలసిన నులక మంచం మీద పడ్డాయి. మంచం కోడు విరిగింది.

“అది మూసింది నేనే సారూ” అన్నాను.

“మూయమన్నది నేను” అన్నారు మూర్తిగారు. షాటు ఆపించారు. గడ్డపార తీసుకుని సిమెంటు మీద మొదటి దెబ్బ తానే వేసి, దాన్ని నా చేతికిచ్చి, కూలీల వైపు తిరిగారు.

“ఆమె చెప్పినట్టు చెయ్యండి.”