రాని డివిడెండు

మా నాన్న చేపల వ్యాపారంలో సంపాదించినదంతా రెండు కంపెనీలు చేశాడు. నౌపడ దగ్గర చేపల కంపెనీ అన్నకి, దాన్ని ఆనుకుని ఉన్న ఐసు ఫ్యాక్టరీ తమ్ముడికి. ఒకడిదాంట్లో ఇంకొకడికి ఒక్క షేరు కూడా పెట్టలేదు, పెడితే కొట్టుకుంటారని ఆయన భయం. నాకు మాత్రం రెండిట్లోనూ పావలా వాటా రాశాడు. ఆడపిల్ల మధ్యలో ఉంటే అన్నదమ్ములు విడిపోరని కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పుకునేవాడు. పొలం గానీ ఇల్లు గానీ నాకు ఇవ్వలేదు. ఉన్నదల్లా ఆ వాటా. నెల్లిమర్లలో టీచరుగా నా జీతం నాకుంది, ఆ షేర్ల మీద ఎప్పుడూ రూపాయి రాలేదు. అయినా నేనూ ఆ ఇంటి బిడ్డనేననడానికి ఆ కాగితాలు చాలనుకుని మురిసిపోయేదాన్ని. అంత తెలివితక్కువదాన్ని.

నాన్న పోయిన కొన్నాళ్లకి తమ్ముడి ఫ్యాక్టరీలో కంప్రెసర్ కాలిపోయింది. అన్న తన కంపెనీ ఖాతా నుంచి డబ్బు పంపించాడు, కొత్తది వచ్చింది. ఆ బాకీని తమ్ముడు ఐసుతో తీర్చాడు. రెండు సీజన్ల పాటు అన్న చేపలన్నీ ఆ ఐసులోనే హౌరా వెళ్లాయి. మావాళ్లలో సొంతవాళ్లకి వేసిన ఐసుకి చీటీ రాయరు. బోట్లు వచ్చే వేళకి దిమ్మలు కొట్టి పెట్టెలు నింపేయడమే. ఎన్ని దిమ్మలని అడిగితే నమ్మకం లేదన్నట్టు. బాకీ చెల్లిపోయిందని ఇద్దరూ అనుకున్నారు. బ్యాంకు కాగితాల్లో మాత్రం డబ్బు అటు వెళ్లింది, ఇటు ఏమీ రాలేదు.

నోట్ల రద్దుకి ముందు ఏడాది ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసు వచ్చింది. అన్నకీ కాదు, తమ్ముడికీ కాదు, నాకు. స్కూలు అడ్రసుకి వచ్చింది. ఎనిమిదో తరగతి లెక్కల నోట్సులు దిద్దుతూ చదివాను, అర్థం కాలేదు. మళ్లీ నోట్సులు దిద్దుకున్నాను.

తమ్ముడూ నేనూ కలిసి శ్రీకాకుళంలో ఆడిటరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఓపిగ్గా చెప్పాడు. లాభాలున్న కుటుంబ కంపెనీ మరో కుటుంబ కంపెనీకి అప్పిస్తే, రెండిట్లోనూ పెద్ద వాటా ఉన్న మనిషికి ఆ డబ్బు డివిడెండుగా ఇచ్చినట్టే లెక్కట. రెండిట్లోనూ ఉన్నది నేనొక్కదాన్నే. నా చేతికి పైసా రాలేదన్నాను. రాకపోయినా వచ్చినట్టే చట్టం అనుకుంటుందన్నాడు. అది అప్పు కాదు, ఐసు కోసం ఇచ్చిన అడ్వాన్సు అని నిరూపిస్తే బయటపడొచ్చు, చీటీలు తెమ్మన్నాడు.

"ఇంటి ఐసుకి సీటీ ఏటి సార్?" అన్నాడు తమ్ముడు.

ఆడిటరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

విచారణ రోజున ఆఫీసరు నన్ను కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. ఈ డబ్బు సంగతి మీకు తెలుసా అని అడిగితే, మీ నోటీసు వచ్చాకే తెలిసిందని ఉన్నమాట చెప్పాను. రాసుకున్నాడు. నెల తిరిగేసరికి ఆర్డరు వచ్చింది. కంప్రెసర్‌కి ఇచ్చిన మొత్తం ఆ ఏడాది నా ఆదాయమట. పన్నూ వడ్డీ కలిపితే నా రెండేళ్ల జీతం. ఆడిటరు అప్పీలు వేద్దామన్నాడు గానీ, చీటీ లేని ఐసు ఏ కోర్టుకెళ్లినా నీళ్లేనని నాకప్పటికే తెలిసిపోయింది.

డబ్బు వాడుకున్నది తమ్ముడు, వాడే కట్టాలన్నాడు అన్న. తిన్నదంతా ఐసు రూపంలో కక్కేశాను, అన్న కంపెనీయే కట్టాలన్నాడు తమ్ముడు. ఇద్దరిదీ న్యాయంగానే వినిపించింది. ఫోను పెట్టేశాక కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు. చెయ్యి కింద పెట్టుకుని పడుకుని లేస్తే ఆ చెయ్యి మనది కానట్టుంటుంది చూడండి, నేను మనిషంతా అలాగే ఉండేదాన్ని. చివరికి పీఎఫ్ లోను పెట్టి, గాజులు అమ్మి నేనే కట్టాను. మా ఆయన ఒక్క మాట అనలేదు. మేడ మీద వేద్దామనుకున్న గది మాత్రం వేయలేదు.

రెండేళ్ల తర్వాత బయటివాళ్లెవరో రెండు కంపెనీలూ కలిపి కొంటామని వచ్చారు. పంపకాలకి అన్న ఇంట్లో కులపెద్దల్ని కూర్చోబెట్టారు. నా పావలా వాటా మాటొచ్చింది. అన్న లోపలికెళ్లి ఒక కాగితం తెచ్చి వాళ్లలో పెద్దాయన చేతిలో పెట్టాడు. ఎవరు కట్టాలో తేల్చమని అప్పట్లో నేనే పంపిన నా పన్ను ఆర్డరు జిరాక్సు అది.

"సెల్లికి రావలసింది ఎప్పుడో వొచ్చీసింది మావా. గవర్మెంటే రాసింది సూడు. షేర్లు మా పేరున మార్సేత్తే సాలు."

పెద్దాయన నా పేరూ అంకెలూ వేలితో కూడబలుక్కుని చదివి, పన్ను కట్టావా అని నన్నడిగాడు. కట్టానన్నాను.

"రాని డబ్బుకి ఎవులైనా పన్ను కడతారేటమ్మా?"

వచ్చినట్టు అనుకోవడమని చట్టంలో ఒకటుందని చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో నాకే అబద్ధంలా వినిపించింది. ఆడిటరు ఎంత బాగా చెప్పాడో అప్పుడు తెలిసింది. అందరూ నావైపు జాలిగా చూశారు. జాలి కూడా కాదు, దొరికిపోయినదాన్ని చూసినట్టు చూశారు.

నేను తమ్ముడి వైపు తిరిగాను. అన్న అలా అంటాడని ఎక్కడో అనుకుంటూనే ఉన్నాను, అందుకే అది అంత తగల్లేదు. తమ్ముడు అలా కాదు. నేను ఎత్తుకుని పెంచినవాడు. డబ్బు అక్కకి రాలేదు, నాకొచ్చింది అని వాడొక్క మాట అంటే అయిపోయేది. పెద్దాయన కూడా వాడివైపే చూస్తున్నాడు. వాడు సెల్‌ఫోను తీసి, ఏదో చూసుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాను.