కోయని సాలు

మా ఊరు చిన్న మంగళారంలో మాకు గులాబీ తోట ఉండేది. విచ్చుకున్న పువ్వును మార్కెట్లో ఎవరూ తీసుకోరు. అందుకని రోజూ పొద్దున్నే మొగ్గలుగానే కోసేవాళ్లం. అన్నేళ్లు పెంచాం కానీ, నిండుగా పూసిన మా తోటను మేమే ఎన్నడూ చూడలేదు.

చూడాలని మా అన్నకు మహా కోరిక.

"ఒక్క సాలు కొయ్యకుండ ఇడిచిపెడ్దాం చెల్లె. మంచిగ పూసినంక నడుమ కూసోని చాయ్ తాగుదాం."

"ఎప్పుడన్నా?"

"వచ్చేసారి. జర ఫికర్లు తగ్గనీ."

హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చాక నేనూ అదే మాట నేర్చుకున్నాను. ఈ ప్రాజెక్టు అయిపోనీ అనేదాన్ని. అన్న పూలు కోసి, పగలంతా సాఫ్ట్‌వేర్ వాళ్లకు కారు నడిపేవాడు. చివరికి తోట ప్లాట్లయింది. హద్దురాళ్లు పాతుతున్న రోజు కూడా, ఊరికే పోతాయని, ఉన్న మొగ్గలన్నీ కోసేశాడు.

ఆ చలికాలమే కారు నడుపుతుండగా అన్న గుండె ఆగిపోయింది. ఫోన్ వచ్చినప్పుడు ఆఫీసులో పక్కవాళ్లు నా భుజం తట్టారు. జీవితం చాలా చిన్నది, ఉన్నన్నాళ్లూ మనకు నచ్చినట్టు బతకాలి అన్నారు. అని, మళ్లీ కంప్యూటర్ల వైపు తిరిగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

దవాఖాన నుంచి తెచ్చి అన్నను వాకిట్లో పడుకోబెట్టారు. ఎవరో గులాబీల దండ తెచ్చి వేశారు. మా మేనత్త దాన్ని సర్దుతూ ఏడుపు మధ్యలోనే మెచ్చుకుంది.

"పూలు మంచియి దొరికినయ్ బిడ్డా. ఒక్కటి గూడ విచ్చుకోలే."