ఇంజన్లక్క ఇంటికి చుట్టాలొచ్చిన వారం

ఇంజన్లక్కకి కోపం ముక్కు మీదే ఉంటుందని రేవులో ఎవరినడిగినా చెబుతారు. పానా ఒకచోట పెట్టి ఇంకోచోట వెతుక్కున్నా కోపమే, అరువిచ్చిన స్క్రూడ్రైవరు మొన అరిగి తిరిగొచ్చినా కోపమే. అవన్నీ వచ్చినంత తొందరగానే పోతాయి. అన్నయ్య మీద వచ్చిన కోపం మాత్రం ఇవాళ్టికీ దిగలేదు.

ఆమె పని పడవల ఇంజన్లు బాగుచెయ్యడం. ఇరవై రెండేళ్ళు ఓడల వర్క్‌షాపులో చేసి, బయటికొచ్చాక ఎవరో వదిలేసిపోయిన చెక్క పడవొకటి కొనుక్కుంది. నిండా ముప్ఫయ్యారు అడుగులుండదు. ఆరేళ్ళు దాన్ని గీకి, సందులు పూడ్చి, రంగులేసి, అందులోనే కాపురం పెట్టింది. ఒంటి కాపురమే. రెండు పడకలు, ఒక పొయ్యి, తలెత్తితే బొప్పి కట్టే స్నానాలగది. ఏడాది పొడుగునా వెచ్చగా ఉండే సముద్రం కాబట్టి సగం రోజులు డెక్కు మీదే చాప పరుచుకుని పడుకుంటుంది. ఇంతకన్నా ఏం కావాలి?

అన్నయ్య లెక్కలో మాత్రం ఇది ఇల్లు కాదు. ఇల్లూ వాకిలీ లేకుండా మా చెల్లి నీళ్ళ మీద తేలుతోందని బంధువులందరికీ చెప్పి, తన మేడ మీద గదికి రంగులు వేయించి ఉంచాడు. ఫోను చేసినప్పుడల్లా అదే పాట, చెవిలో జోరీగలాగా. విని విని విసుగెత్తి చివరికి ఆమే పిలిచింది. వదినని తీసుకుని వారం రోజులు వచ్చి ఉండు, కళ్ళారా చూడు అంది. ఆయన చూడాలి, ఇది ఇల్లేనని ఒప్పుకోవాలి, ఆ గది మాట మళ్ళీ ఎత్తకూడదు. ఆమెకి కావలసిందల్లా అదొక్కటే.

వచ్చారు మహానుభావులు. మడత పెట్టడానికి వీలయ్యే గుడ్డసంచులు తెమ్మని మూడుసార్లు చెబితే, బీరువాల్లాంటి పెట్టెలు రెండు తెచ్చారు. ఒకటి ఆమె పడక ఆక్రమించింది, రెండోది స్నానాలగదిలో దూరింది. ఒక్కర్తికి పన్నెండు రోజులొచ్చే మంచినీళ్ళు రెండు రోజుల్లో అయిపోయాయి, ఎందుకంటే అన్నయ్య కుళాయి విప్పి వదిలేసి గడ్డం గీసుకుంటాడు. ఇంజన్లక్క పంటి బిగువున ఊరుకుని, ఒడ్డు నుంచి క్యాన్లతో నీళ్ళు మోసి నింపింది. నడుం పట్టేసింది.

నీళ్ళు పోతే పోయాయి. ఒళ్ళు మండించింది ఆ వీడియో ఫోను. రెండో రోజు పొద్దున్నే అన్నయ్య ఫోను చేతపట్టుకుని పడవంతా తిరుగుతూ, పెద్దమ్మ కూతుళ్ళకీ బాబాయి కొడుకులకీ చూపించడం మొదలుపెట్టాడు. పడక చూపించి అయ్యో అన్నాడు, పొయ్యి చూపించి అయ్యో అన్నాడు. ఆమె ఒక్కచేత్తో విప్పి బిగించిన ఇంజను అద్దంలా మెరుస్తుంటే దాన్ని మాత్రం చూపించలేదు. వెంటబెట్టుకొచ్చేస్తున్నా, గది సిద్ధంగా ఉంది అని ఫోనులో అనడం ఆమె చెవిన పడింది. ఇంకెవరైనా అయితే అక్కడికక్కడే నీళ్ళలోకి తోసేసేది. తోడబుట్టినవాడైపోయాడు.

ఆ పడవ అడుగున, పంకాని తిప్పే ఇనప కడ్డీ, అదే షాఫ్టు, బయటికి వెళ్ళేచోట నీళ్ళు కారుతూనే ఉంటాయి. అలాంటి పడవకి నాలుగు చుక్కలు మామూలే. ఈ మధ్య అక్కడ నీళ్ళు రాకుండా చుట్టే ప్యాకింగు అరిగి ధారకట్టింది. చుట్టాలు వెళ్ళాక పడవని ఒడ్డుకెక్కించి మారుద్దామనుకుంది. అందాకా ఒక పంపు పావుగంటకోసారి తనంతట తనే తిరిగి, చేరిన నీళ్ళని బయటికి తోస్తుంది. దాని స్విచ్చి ఎర్రది. పడవలో ఏది ముట్టుకున్నా ఫరవాలేదు గానీ దీని జోలికి వెళ్ళొద్దని వాళ్ళు వచ్చిన గంటలోనే చెప్పింది. వదిన తలూపింది. అన్నయ్య పెట్టెతో కుస్తీ పడుతున్నాడు.

ఆయన ముప్ఫయ్యేళ్ళు కరెంటాఫీసులో చేసినవాడు. గడప దాటేముందు మెయిన్ కట్టెయ్యకపోతే ఆయనకి ముద్ద దిగదు. పెళ్ళికెళ్ళినా, చావుకెళ్ళినా అంతే. ఎవరింట్లో చుట్టంగా ఉన్నా, ఆఖరున బయటికొచ్చేది తనైతే ఆ ఇంటి మెయిన్ కూడా కట్టేసే వస్తాడు.

మూడో రోజు ఇంజన్లక్క రేవు అవతల చేపల పడవకి ఇంజను బిగించడానికి తెల్లారేసరికే వెళ్ళింది. అన్నావదినలు ఎనిమిదింటికి ఊరు చూడ్డానికి బస్సెక్కారు. పడవలోంచి ముందు వదిన దిగింది, ఆఖరున అన్నయ్య.

సాయంత్రం నాలుగింటికి ముగ్గురూ రేవు గేటు దగ్గర కలుసుకుని నడిచొస్తున్నారు. పడవ వెనకభాగం జానెడు కిందికి దిగి ఉండటం ఆమెకి దూరాన్నుంచే కనిపించింది. పరుగున వెళ్ళి చూస్తే లోపల మోకాలిలోతు నీళ్ళు. చెప్పులు, గిన్నెల మూతలు తేలుతున్నాయి. ఇంజను సగానికి మునిగింది. స్విచ్చిలన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి, ఎర్రదీ అంతే. వేసింది. పంపు తిరగలేదు, బ్యాటరీలు కూడా నీళ్ళలోనే ఉన్నాయి.

అన్నయ్య మెట్ల మీద నిలబడి తొంగిచూశాడు.

"చూశావా? నేను ముందునుంచీ చెబుతూనే ఉన్నాను. ఇది మనుషులుండే చోటేనా? ఇంకేం ఆలోచించకు, బట్టలు సర్దుకో."

"పొద్దున అన్నీ కట్టేసొచ్చింది మీరే కదండీ," అంది వెనకనుంచి వదిన.

ఆయన స్విచ్చిల వంక చూశాడు. అలవాటమ్మా, చెయ్యి దానంతటదే వెళ్ళింది అని నసిగాడు. ఇంజన్లక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పైకేమీ అనకుండా చేతిపంపు పిడి ఆయన చేతిలో పెట్టి కొట్టమంది. తను బకెట్టు తీసుకుంది, వదిన కొంగు దోపి ఇంకో గిన్నె అందుకుంది. గంటసేపు తోడారు. నీళ్ళు మోకాలి నుంచి పిక్కలకి దిగాయి. అప్పుడు ఇంజన్లక్క బకెట్టు కింద పెట్టింది.

"స్విచ్చి కట్టేశావని కాదన్నయ్యా నా కోపం. నీ అలవాటు నాకు తెలుసు, దాని మీద మూత బిగించకపోవడం నాదే తప్పు. నువ్వు లోపలికి తొంగిచూసినప్పుడు నేను నీ మొహమే చూస్తున్నాను. నా ఇల్లు మునుగుతుంటే నువ్వు సంతోషపడ్డావు."

కాదంటాడని ఎదురుచూసింది. కాదని ఒక్క అబద్ధమాడినా సరిపోయేది. ఆయన పంపు కొట్టడం ఆపేశాడు, ఆమె వంక చూడలేదు.

"ఇంక నువ్వొస్తావనుకున్నాను," అన్నాడు.

"ఆపకు, కొట్టు," అంది ఆమె.

నేలచెక్కలు బయటపడేదాకా కొట్టించింది. అరచేతులు బొబ్బలెక్కినా ఆయన పిడి వదల్లేదు, ఆమె వదలమనలేదు. తర్వాత ఇద్దరినీ బస్టాండు దగ్గర లాడ్జికి పంపేసింది. ఆటో ఎక్కుతూ అన్నయ్య, ఆ గది ఎప్పటికీ నీదేనమ్మా అన్నాడు, కళ్ళలో నీళ్ళతో, నిజంగా ప్రేమగానే.

"అద్దెకిచ్చెయ్యి," అంది ఇంజన్లక్క.